ఇంటి సామాను ఎవరిది?

(ఒంగోలులో మహిళా కార్యకర్తల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



రెండు రోజులుగా ఇక్కడ ఆస్తి హక్కుల గురించి మాట్లాడుకుంటున్నాం. భూమి, ఇంటి పట్టా, వారసత్వం అన్నీ చర్చకు వచ్చాయి. నేను మాట్లాడబోయేది వాటి పక్కన పెడితే చిన్న విషయంగా కనిపిస్తుంది. మంచం, పరుపు, బీరువా, బల్ల, కుర్చీ, కుట్టుమిషను, హార్మోనియం పెట్టె. వీటిని మనం ఆస్తి అనం, సామాను అంటాం. కానీ మన దగ్గరకు వచ్చే స్త్రీలు ఇల్లు విడిచి బయటకు రావలసి వచ్చినప్పుడు చాలాసార్లు మొదట అడిగేది పొలం గురించి కాదు. "నా మిషను ఎట్టా తెచ్చుకోవాలి మేడమ్?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకు మన దగ్గర తడుముకోకుండా చెప్పే జవాబు ఉండాలి.

అందులోనూ నేను ఒక రకం స్త్రీల గురించే మాట్లాడదలచుకున్నాను. ఒక్క ఉద్యోగంతో కాకుండా నాలుగు కళలతో, నాలుగు చిన్నచిన్న రాబడులతో బతికేవాళ్ళు. పగలు బట్టలు కుట్టి రాత్రి నాటకం వేసేవాళ్ళు. పెళ్ళిళ్ళ రోజుల్లో జాకెట్ల మీద మగ్గం వర్కు చేసి, మిగతా రోజుల్లో పిల్లలకు పాట నేర్పేవాళ్ళు. కథలు రాసి, రేడియోలో మాట్లాడి, ప్రూఫులు దిద్ది, ప్రైవేటు చెప్పేవాళ్ళు. గుంటూరు, తెనాలి, చిలకలూరిపేట, చీరాల, ఒంగోలు - ఏ ఊళ్ళో చూసినా ఇటువంటి స్త్రీలు ఉన్నారు. జనాభా లెక్కలు రాసేవాడు వచ్చి "ఏం పని చేస్తావమ్మా?" అని అడిగితే ఏం చెప్పాలో తోచక "ఇంట్లోనే" అనేవాళ్ళు వీళ్ళలో చాలామంది. ఈ నాలుగు రాబడులూ కలిసి ఏమవుతున్నాయి అని చూస్తే, పిల్లల చదువు పోను మిగిలింది ఇంటి సామాను అవుతున్నది. ఆ సామాను ఆమె జీతం పేరుకుపోయిన రూపం. అది ఆమెదని చెప్పే కాగితం ముక్క మాత్రం ఇంట్లో ఎక్కడా ఉండదు.

మొదట సారె గురించి. మన ప్రాంతంలో ఇల్లు అమర్చడం అనేది పెళ్ళితో మొదలవుతుంది. పందిరి మంచమో డబుల్ కాటో, పరుపు, బీరువా, అద్దం బల్ల, బిందెలు, గంగాళం, ఇప్పుడైతే ఫ్రిజ్, వాషింగ్ మిషను. పత్తికీ మిర్చికీ రేటున్న సంవత్సరం సారె లారీలో వెళుతుంది, లేని సంవత్సరం ట్రాక్టరులో వెళుతుంది. ఏం పెట్టాలి అన్నది ఆడపిల్ల అవసరాన్ని బట్టి కాక, వియ్యాలవారి వీధిలో ఎవరు చూస్తారన్నదాన్ని బట్టి నిర్ణయమవుతుంది. సారెలో అద్దం బల్ల తప్పనిసరిగా ఉంటుంది, రాసుకునే బల్ల ఉండదు. పిల్ల ఎం.ఎ. చదివినా ఉండదు. ఆమె వీణ నేర్చుకుని ఉంటే వీణ పుట్టింట్లో అటక మీద ఉండిపోతుంది. అత్తవారింట్లో చోటెక్కడుంది, బీరువాకే చోటు చాలలేదు అంటారు.

ఇక సారె రానివాళ్ళు, పెళ్ళి నిలవనివాళ్ళు, పెళ్ళి చేసుకోనివాళ్ళు తామే ఇల్లు అమర్చుకోవాలి. చిలకలూరిపేట వైపు నాకు తెలిసిన ఒక స్త్రీ ఉన్నది. 1990ల మొదట్లో అక్షరాస్యత కళాజాతాల్లో పాడింది. తర్వాత కాంట్రాక్టు నాటకాల్లో వేషాలు వేసింది. కుట్టుపని చేస్తుంది, సంఘాల సభలకు పాటలు కట్టి ఇస్తుంది. ముప్పై ఏళ్ళలో తొమ్మిది అద్దె ఇళ్ళు మారింది. నాటకాల మనిషి అని తెలిస్తే ఇల్లు ఇవ్వరు, ఇచ్చినా రాత్రి రెండు గంటలకు వ్యాను దిగితే మర్నాడు ఖాళీ చేయమంటారు. ఆమె ఇల్లు చూస్తే నాకు ఒక సంగతి అర్థమయింది. ఆ ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళు ఎత్తలేని వస్తువు ఒక్కటీ లేదు. బీరువా లేదు, రెండు ట్రంకుపెట్టెలు ఉన్నాయి. మంచం నవారుది, విప్పితే నాలుగు కోళ్ళు, నాలుగు పట్టెలు, ఒక చుట్ట. "బరువు పెట్టుకుంటే ఇంటోళ్ళ మాట పడాలి" అన్నది. పొదుపు గురించి పత్రికల్లో వచ్చే గృహాలంకరణ శీర్షికలు ఎన్నో చదివాను గానీ ఈ మాట ఎక్కడా చదవలేదు.

ఈ స్త్రీల రాబడికి ఒక కాలం ఉంటుంది. ఈ నేలల్లో పత్తి తీత దసరా దాటాక మొదలవుతుంది. మిర్చి కోతలు సంక్రాంతి నుంచి వేసవి దాకా సాగుతాయి. గుంటూరు యార్డుకు టిక్కీలు వెళ్ళి, డబ్బు తిరిగి ఊళ్ళోకి వచ్చేసరికి శివరాత్రి. కోటప్పకొండ తిరునాళ్ళు, ప్రభలు, ఊరూరా కొలుపులు, నాటకాలు, పెళ్ళిళ్ళు అన్నీ ఆ నాలుగైదు నెలల్లోనే. అందుకే మిర్చికి రేటుంటే నాటకానికి రేటుంటుంది, జాకెట్టు మీద పూసకు రేటుంటుంది. ఆషాఢం నుంచి ఏ పనీ ఉండదు. వర్జీనియా ఉల్ఫ్ 1929లో స్త్రీ రాయాలంటే సొంత గది, ఏడాదికి 500 పౌండ్లు కావాలని రాసింది. ఆ పౌండ్లు ఏటా ఆగకుండా వచ్చేవి. మన మనిషికి వచ్చేది మిర్చి రేటును బట్టి వస్తుంది. 1987-88లో తెల్లదోమ పత్తిని తినేసి ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో రైతులు పురుగుమందు తాగి చనిపోయిన సంవత్సరాన్ని మనం వ్యవసాయ సంక్షోభంగా గుర్తుపెట్టుకున్నాం. ఆ ఏడు తిరునాళ్ళలో నాటకం ఆడించే రైతు ఎక్కడున్నాడు? పత్తి మీద బతికినవాళ్ళ లెక్కలో నటి, దర్జీ, హార్మోనిస్టు ఎప్పుడూ చేరలేదు. అలాగే 2022 జనవరిలో ప్రభుత్వం చింతామణి నాటకాన్ని నిషేధించింది. ఒక కులాన్ని కించపరుస్తున్నారన్న ఫిర్యాదులో న్యాయం ఉంది, స్త్రీని ఆ నాటకం చూపే తీరు మీద మనకూ అభ్యంతరాలున్నాయి. కానీ ఆ వేషం మీదే అద్దె కట్టుకుంటున్న స్త్రీలకు బదులుగా ఏ పని చూపించాలన్న ప్రశ్న మనలో ఎంతమంది అడిగాం?

చిత్రమేమంటే ఆ చింతామణి రాసిన కాళ్ళకూరి నారాయణరావుగారే కట్నం మీద వరవిక్రయం రాశారు. ఆ నాటకం 1939లో సినిమాగా వచ్చినప్పుడు అందులో మొదటిసారి నటించిన అమ్మాయిది ఒంగోలు దగ్గర దొడ్డవరం. ఆమే భానుమతి. తర్వాత ఆమె గాయని, కథారచయిత్రి, స్టూడియో యజమాని అయింది. 1953లో చండీరాణి సినిమాను మూడు భాషల్లో దర్శకత్వం చేసింది. అత్తగారి కథలు రాసింది. ఇన్ని పనులు చేసిన స్త్రీ అని మనం మెచ్చుకుంటాం. నేను గమనించమనేది ఇంకొకటి. పని చేసే చోటు, అంటే భరణీ స్టూడియో, ఆ దంపతుల సొంతం. ఇటు గుంటూరు జిల్లా చిర్రావూరులో పుట్టిన సావిత్రి 1968లో చిన్నారి పాపలుకు దర్శకత్వం వహించింది. అంత సంపాదించిన నటి 1981లో చనిపోయేనాటికి ఆస్తులు చెదిరిపోయి ఉన్నాయి. దానికి కారణాలు చాలా చెబుతారు, ఎక్కువ భాగం ఆమె గుణగణాల మీద తీర్పులు. సంపాదన ఎవరి చేతుల మీదుగా వెళ్ళింది, సంతకాలు ఎవరు పెట్టించారు అన్న ప్రశ్నలు అంతగా వినబడవు.

సినిమావాళ్ళ సంగతి పక్కన పెడదాం. బాపట్లలో కనుపర్తి వరలక్ష్మమ్మగారున్నారు. 1896లో పుట్టారు. కథలు, నాటికలు, పాటలు రాశారు, రేడియోలో మాట్లాడారు, గృహలక్ష్మి పత్రికలో శారద లేఖలు రాశారు, 1931లో స్త్రీ హితైషిణీ మండలి పెట్టి నడిపారు. పెళ్ళి, ఇల్లు, సంసారం మధ్య ఇన్ని రకాల రచన చేసిన మనిషి. ఆమె పుస్తకాల గురించి మన పరిశోధకులు రాశారు. ఏ బల్ల మీద రాసేవారు, ఇంట్లో ఏ వేళకు ఖాళీ దొరికేది, పారితోషికం వస్తే దానితో ఏం కొన్నారు అన్నవి మన ప్రశ్నలుగా ఎప్పుడూ లేవు. సాహిత్య చరిత్ర రాసేటప్పుడు సామాను గురించి అడగడం అల్పమనిపిస్తుంది కాబోలు. తెనాలి దగ్గర కొలకలూరులో పుట్టిన పి. సత్యవతిగారు 'ఇల్లలకగానే' కథలో, ఇల్లు అలికి అలికి తన పేరే మరిచిపోయిన గృహిణిని చూపించారు. ఇల్లు అలికేది ఆమె, అలికిన ఇల్లు ఎవరిదో చెప్పే కాగితం మీద ఆమె పేరు ఉండదు. 2019లో జరిగిన జాతీయ కాలవినియోగ సర్వే ప్రకారం జీతంలేని ఇంటిపని చేసినవారిలో స్త్రీలు రోజుకు 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు దానికి వెచ్చించారు. ఆ ఐదు గంటలు పోగా మిగిలిన సమయంలోనే మనం మాట్లాడుకుంటున్న కథ, పాట, కుట్టు అన్నీ జరుగుతున్నాయి.

ఇప్పుడు చట్టానికి వద్దాం. ఇక్కడ కాస్త ఓపికగా వినండి, ఎందుకంటే నైపుణ్యంతో సంపాదించిన సొమ్ముకు మన దేశంలో చాలా విచిత్రమైన చరిత్ర ఉంది.

పాత హిందూ ధర్మశాస్త్రంలో స్త్రీధనం ఉంది. పుట్టింటివారు, బంధువులు ప్రేమతో ఇచ్చినదాన్ని సౌదాయికం అన్నారు, దాని మీద ఆమెకు పూర్తి స్వేచ్ఛ. కానీ శిల్పంతో, అంటే చేతినేర్పుతో సంపాదించినదాని మీద, బయటివాళ్ళు ఇచ్చినదాని మీద భర్తకే అధికారం అని కాత్యాయనుడి స్మృతి చెబుతుంది. అర్థమయిందా? అమ్మ పెట్టిన చెంబు ఆమెది. కచేరీ చేసి కొనుక్కున్న చెంబు మీద పెత్తనం అతనిది. ఊరికే ఇచ్చింది ఆమెకు చెందుతుంది, కష్టపడి తెచ్చుకుంది చెందదు. స్త్రీకి దానం చేయవచ్చు గానీ ఆమె సంపాదించకూడదన్న పితృస్వామ్య భావజాలానికి ఇంతకన్నా స్పష్టమైన రూపం నాకు కనబడలేదు.

1874లో బ్రిటిష్ ప్రభుత్వం వివాహిత స్త్రీల ఆస్తి చట్టం తెచ్చింది. సాహిత్య, కళా, శాస్త్ర నైపుణ్యంతో స్త్రీ సంపాదించింది ఆమె సొంత ఆస్తి అని అందులో నాలుగో సెక్షన్ చెప్పింది. చాలా గొప్పగా ఉంది కదా! కానీ రెండో సెక్షన్ దగ్గరే హిందూ, ముస్లిం, బౌద్ధ, సిక్కు, జైన స్త్రీలకు ఇది వర్తించదని రాసి పెట్టారు. అంటే వరలక్ష్మమ్మగారి తరం రచయిత్రులు ఆ చట్టం కిందకు రారు. 1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ దాకా ఆగవలసి వచ్చింది. దాని వివరణలో, స్త్రీ తన సొంత నైపుణ్యంతో లేదా శ్రమతో సంపాదించిన ఆస్తి, అది స్థిరాస్తి అయినా చరాస్తి అయినా, పూర్తిగా ఆమెదే అని ఉంది. చరాస్తి అన్న మాటలో మన నవారు మంచం, మన మిషను ఉన్నాయి. ముస్లిం స్త్రీ ఆస్తి ఆమెదేనని వారి వ్యక్తిగత చట్టం మొదటినుంచీ ఒప్పుకుంటున్నది. అయితే ఈ 1956 చట్టం షెడ్యూల్డు తెగలకు వర్తించదు. పల్నాడులో లంబాడీ స్త్రీల మధ్య పనిచేసే మిత్రులు ఇది దృష్టిలో ఉంచుకోవాలి, వారి విషయంలో ఆచారం, ఇతర చట్టాలు చూడాలి.

సారెగా వచ్చిన సామాను సంగతి వేరు. 1985లో ప్రతిభా రాణి కేసులో సుప్రీంకోర్టు స్త్రీధనం పూర్తిగా స్త్రీదేనని, భర్త, అత్తమామలు దాచిపెట్టమని ఇచ్చినదాన్ని తిరిగి ఇవ్వకపోతే అది నమ్మకద్రోహ నేరమవుతుందని చెప్పింది. ఆనాడు ఐ.పి.సి. 406, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 316వ సెక్షన్. 2015 నవంబరులో అదే కోర్టు, స్త్రీధనం తిరిగి ఇవ్వకుండా అట్టే పెట్టుకోవడం రోజురోజూ కొనసాగే నేరం కాబట్టి ఆలస్యమయిందని కేసు కొట్టేయడానికి వీల్లేదన్నది. తెలంగాణ నుంచి వెళ్ళిన ఒక కేసులో 2024 ఆగస్టులో మరో మాట చెప్పింది. కూతురు అధికారం ఇవ్వకుండా తండ్రి ఆమె స్త్రీధనాన్ని అడగడానికి వీల్లేదు. ఈ తీర్పు మన ఊళ్ళలో చాలామంది తండ్రులకు రుచించదు. "నేను పెట్టిన సామాను నాకు తెచ్చివ్వమ్మా" అని మన దగ్గరకు వచ్చే తండ్రులు ఉంటారు. పెట్టేశాక అది ఆయనది కాదు.

అన్నిటికన్నా మనకు ఉపయోగపడేది 2005 గృహహింస చట్టం. 2006 అక్టోబరు 26 నుంచి అమలులో ఉంది, మతంతో పనిలేదు. అందులో ఆర్థిక హింసకు ఇచ్చిన నిర్వచనంలో ఇంటి సామాను అమ్మేయడం, మాయం చేయడం అన్నది స్పష్టంగా ఉంది. ఆమెకు చెందిన సామాను, స్త్రీధనం తిరిగి ఇవ్వమని మేజిస్ట్రేటు 19వ సెక్షన్ కింద ఆదేశించవచ్చు. రక్షణాధికారి రాసే గృహహింస నివేదికకు జతచేసే కాగితాల్లో స్త్రీధనం జాబితా ఒకటి. మనవాళ్ళు నివేదిక రాయించేటప్పుడు దెబ్బల గురించి వివరంగా రాయిస్తారు. జాబితా దగ్గరకు వచ్చేసరికి 'బంగారం, ఇతర సామాను' అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ 'ఇతర' అనే మాటలో ఆమె జీవనోపాధి మొత్తం మునిగిపోతుంది.

ఎందుకంటే కోర్టులో ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే. ఇది నీదని ఏమిటి రుజువు? సారెకు పందిట్లో చూసిన సాక్షులైనా ఉంటారు. పెళ్ళి తర్వాత ఆమె తన డబ్బుతో కొన్నదానికి ఎవరూ ఉండరు. చీటీ పాడింది ఆమె, కొట్టుకు వెళ్ళి బేరం చేసింది ఆయన, బిల్లు మీద పేరు ఆయనది. నాటకం డబ్బు కాంట్రాక్టరు కవరులో పెట్టి పక్కన నిలబడ్డ భర్త చేతికిస్తాడు, ఆడమనిషి చేతికి డబ్బివ్వడం మర్యాద కాదని. అసలు ఆమెకు ఎంత వచ్చిందో రాసిన కాగితమే ఉండదు. ఏ కాగితమూ లేని సామాను మొత్తం 'ఇంటిది' అవుతుంది. ఇల్లు ఆయనది కాబట్టి అదీ ఆయనది.

ఇక తక్కువ డబ్బుతో ఇల్లు అమర్చుకోవడం ఎలా అన్న ప్రశ్న. దీనికి నేను గృహవిజ్ఞానం పాఠం చెప్పబోవడం లేదు. మన స్త్రీలు చేస్తున్నదే చెబుతాను, క్రమం మాత్రం మార్చమంటాను.

ఈ ప్రాంతం ఇచ్చే వస్తువులు చవకైనవి, మంచివి. మన ఊళ్ళలో దూదేకులవారు దూది ఏకి కుట్టిన పరుపు ఏళ్ళ తరబడి వాడుకోవచ్చు, గడ్డకట్టినప్పుడు మళ్ళీ ఏకించుకోవచ్చు, రేకు ఖరీదు తప్ప కొత్తగా ఏమీ కొననక్కరలేదు. స్పాంజి పరుపు కుంగితే పారవేయడమే. పాత చీరల బొంత గురించి మీకు చెప్పక్కరలేదు. చీరాల, వేటపాలెం చేనేత దుప్పటి పాతబడితే కిటికీకి తెర, ఇంకా పాతబడితే మిషను మీద కప్పు. టిక్కీ గోతం మాత్రం ఎంత ఉతికినా ఘాటు పోదు, పిల్లలున్న ఇంట్లో దాన్ని నేల మీద పరచవద్దు. చెక్క విషయానికి వస్తే టేకు మోజు వదులుకుంటే వేప, తుమ్మ మనకు దొరుకుతాయి. నేను చూసిన రాతబల్లల్లో అన్నిటికన్నా చవకైనది, కదలకుండా నిలిచేది మాచర్ల నాపరాయి పలక. రెండు ఇటుక దిమ్మలు, పైన పలక. వేసవిలో చల్లగా ఉంటుంది, చెద పట్టదు, సిరా పడితే తుడిస్తే పోతుంది. ఇల్లు మారేటప్పుడు దిమ్మలు వదిలేసి పలక తీసుకుపోవచ్చు. అయితే ఆ బల్ల మీద మధ్యాహ్నానికల్లా కూరగాయల బుట్ట, ఇస్త్రీ బట్టలు, బియ్యం చాట చేరతాయి. బల్ల కొనడం కన్నా దాని మీద ఏమీ పెట్టకుండా ఆపడం కష్టమని మన రచయిత్రి మిత్రులందరూ చెబుతారు. ఈ విషయంలో నాది కొంచెం కటువైన అభిప్రాయం. ఇంట్లో భోజనాల బల్ల లేకపోయినా ఫరవాలేదు, నేల మీద కూర్చుని తినవచ్చు. ఆమె పని బల్ల ముందు రావాలి.

అందరూ చేసేది దీనికి తలకిందులు. ముందు ఇంటికి కావలసినవి, వచ్చేపోయేవాళ్ళకు కనబడేవి కొంటారు. సోఫా వస్తుంది. తర్వాత మిగిలితే ఆమె మిషనుకు మోటారు, ఆమె కంటికి లైటు. కుట్టుపనికీ మగ్గం వర్కుకూ మంచి వెలుతురు లేక నలభై ఏళ్ళకే కళ్ళు దెబ్బతిన్న స్త్రీలు ఎంతమంది! సోఫా మీద కూర్చునేది వచ్చిన బంధువులు. పనిముట్టు తిరిగి డబ్బు తెస్తుంది, సోఫా తేదు. ఇది తెలియక కాదు, ఆమె పనిని పని అనుకోకపోవడం వల్ల జరుగుతుంది.

చోటు కూడా ఉండాలి. 2020 డిసెంబరు 25న మొదలయిన ఇళ్ళ పట్టాల పథకంలో పట్టాలు స్త్రీల పేర్ల మీద ఇచ్చారు. అది మంచి నిర్ణయం, మనం ఎన్నాళ్ళనుంచో అడుగుతున్నది. పల్లెల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు. సెంటు అంటే 48 గజాల పైచిల్లర. అందులో వంట, పడక, పిల్లల చదువు పోగా మగ్గం ఫ్రేము ఎక్కడ వేయాలి? హార్మోనియం ఎక్కడ పెట్టాలి? పట్టా ఆమె పేరునే ఉన్నా ఆమె పనికి ఆ ప్లానులో చోటు లేదు. ఇళ్ళ ప్లాన్లు ఖరారయ్యే సమావేశాలకు మనం వెళ్ళి, పని చేసుకునే గట్టు, దాని పైన ఒక కిటికీ, ఒక ప్లగ్గు పాయింటు అడగాలి. ఖర్చు పెద్దది కాదు.

వాయిదాల గురించి హెచ్చరించాలి. బీరువా, టీవీ, ఫ్రిజ్ ఇంటి ముందుకే తెచ్చి నెలనెలా కట్టమంటారు. అద్దె-కొనుగోలు పద్ధతి కాగితం మీద సంతకం పెడితే, ఆఖరి వాయిదా కట్టేదాకా ఆ వస్తువు చట్టరీత్యా మనది కాదు. ఆషాఢంలో పని ఉండని స్త్రీకి నెలనెలా వాయిదా ఎప్పుడూ సరిపోదు. ఆమె రాబడి ఏడాదికి నాలుగైదు నెలలది. పంట మీద తీర్చే చీటీ ఏదైనా ఉంటే అందులో చేరమని చెప్పండి, లేకపోతే మన పొదుపు సంఘాల్లోనే అటువంటి తీర్మానం చేయించండి.

అప్పులవాళ్ళు ఇంటి మీదకు వచ్చినప్పుడు ఏం చేయాలి అన్నది మరో సమస్య. 2010లో మైక్రోఫైనాన్సు ఒత్తిళ్ళు ఎట్లా ఉండేవో, ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చేంత దూరం ఎలా వెళ్ళిందో ఇక్కడున్న పెద్దవాళ్ళకు గుర్తుంటుంది. ఎవరు అప్పిచ్చినా, కోర్టు ఉత్తర్వు లేకుండా ఇంట్లోకి వచ్చి సామాను ఎత్తుకుపోయే హక్కు లేదు. కోర్టు డిక్రీ ఉన్నప్పుడు కూడా సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ కొన్నిటిని జప్తు చేయకూడదంటుంది. బాకీదారుకు, అతని భార్యాపిల్లలకు అవసరమైన కట్టుబట్టలు, వంట పాత్రలు, మంచాలు, పడక బట్టలు. ఇంకా చేతివృత్తివారి పనిముట్లు. ఇది 1908 నాటి చట్టం. నాగలి రైతు పనిముట్టు అని అందరికీ తెలుసు. కుట్టుమిషను దర్జీ పనిముట్టని, మగ్గం ఫ్రేము పనిముట్టని అమీను ముందు నిలబడి చెప్పేవాళ్ళు కావాలి. మిషను 'ఆడవాళ్ళ కాలక్షేపం' అని ఇంట్లోవాళ్ళే అంటూ వస్తే ఆ రోజు అమీనూ అదే అంటాడు. ఇక ఆ మిషను ఆమె డబ్బుతో కొన్నదని చూపే బిల్లు ఉంటే, భర్త బాకీకి అది జప్తు కావడానికే వీల్లేదు.

కాబట్టి చేయవలసింది చెప్తాను. కట్న నిషేధ చట్టం కింద 1985 నియమాలు పెళ్ళిలో వచ్చిన బహుమతులకు జాబితా రాయాలన్నాయి. వస్తువు వివరం, సుమారు విలువ, ఇచ్చినవారి పేరు, సంతకాలు. ఆ జాబితాలు రాసే కుటుంబాన్ని ఎక్కడో తప్ప నేను చూడలేదు. పెళ్ళిలో జాబితా రాయమంటే అనుమానించినట్టు అనుకుంటారు. మనం దాన్ని పెళ్ళి దగ్గర ఆపకుండా, పెళ్ళయి ఎన్నేళ్ళయినా రాసుకునే పుస్తకంగా మార్చవచ్చు. సంఘం సభ్యురాలు ప్రతి ఒక్కరూ ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకోవాలి. ఒక పక్క రాబడి: ఏ తేదీన, ఏ ఊళ్ళో ఏ పని, ఎంత, ఎవరిచ్చారు. ఎదురు పేజీలో దానితో కొన్న వస్తువు, బిల్లు నంబరు. బిల్లు మీద ఆమె పేరు పెట్టించాలి, కొట్టువాడు "సారు పేరు చెప్పమ్మా" అంటే తన పేరే చెప్పాలి. వీలయినంత వరకు డబ్బు తన ఖాతాలో వేయించుకోవాలి, ఫోనులో పంపినా ఆమె ఫోనుకే పంపాలి. బిల్లు లేని పాత వస్తువులకు ఇప్పుడే జాబితా రాసి, ఇద్దరు సంఘ సభ్యులు సంతకం చేసి తేదీ వేయాలి, వస్తువుల పక్కన ఆమె నిలబడి ఉండగా ఫోటో తీయాలి. ఇది తిరుగులేని రుజువు అని నేను చెప్పను, కానీ 'ఇతర సామాను' కన్నా చాలా మేలు. పుస్తకాన్ని ఇంట్లో పెట్టవద్దు, సంఘం ఆఫీసులో ఉంచండి. ఇల్లు విడిచి పరుగెత్తవలసిన రాత్రి ఎవరికీ నోటుబుక్కు గుర్తుండదు.

ఒక అభ్యంతరం వినబడుతూ ఉంటుంది. మొగుడూ పెళ్ళాల మధ్య చెంబూ తపేలా లెక్కలేమిటి, సంసారాలు కూలుస్తున్నారు అని. ఇంట్లో సామాను ఉమ్మడిగా వాడుకోవడానికి ఈ పుస్తకం అడ్డు రాదు. ఇద్దరి పేర్లూ రాసుకోవచ్చు, భర్త కొన్నది భర్త పేరున రాయవచ్చు. లెక్క రాయడం వల్ల కూలే సంసారంలో అప్పటిదాకా లెక్క ఎవరు రాస్తున్నారో చూడండి. పొలానికి అడంగలు ఉంది, కౌలుకు కాగితం అడుగుతున్నాం, గుంటూరు యార్డులో టిక్కీ టిక్కీకి తూకం చీటీ ఇస్తారు. ఆమె ముప్పై ఏళ్ళ కుట్టుకు, పాటకు, రాతకు చీటీ అడిగితే తప్పేమిటి?

నమూనా పేజీలు కొన్ని జెరాక్సు తీయించి తెచ్చాను. వెనక వరుస నుంచి పంచుతారు. భోజనాలకు ఇంకా ముప్పావు గంట ఉంది. ఎవరికి వాళ్ళు ముందు తమ ఇంటి సంగతి నింపి చూడండి, తర్వాత చర్చ మొదలుపెడదాం. బిల్లు ఎవరి పేరున ఉందో గుర్తులేని వస్తువుల దగ్గర ఖాళీ వదిలేయండి, ఊహించి రాయవద్దు.